అకరణ దోషము: ‘అజ్ఞాత యువతి’ చలనచిత్రమున పశ్చాత్తాప స్వరూపము

పాపమును గూర్చిన చర్చ మన వాఙ్మయమున మిక్కిలి విస్తృతము. అందధికభాగము చేసిన పనిని గూర్చినది. చేయదగిన పనిని చేయకుండుటవలన గలుగు దోషమును గూర్చి ప్రత్యేకముగా విచారించినవారిలో మీమాంసకులు ముఖ్యులు. నిత్యకర్మ నాచరింపనివానికి ప్రత్యవాయము కలుగునని వారి మతము. అభావమునుండి భావ మెట్లు పుట్టునని శంకర భగవత్పాదులు గీతాభాష్యమున దీని నాక్షేపించిరి. చేయకపోవుట యనునది యొక శూన్యము. శూన్యమునుండి పాపమను వస్తువు జనించుట యుక్తిసహము గాదని యా యాక్షేపమునకు తాత్పర్యము. ఈ వాదము వైదికకర్మలకు సంబంధించినదే యైనను, ఇందలి ప్రశ్న సాహిత్యవిమర్శకునకు ఉపేక్షణీయము గాదు. ఒక మనుష్యుడు ఎవరికిని హాని చేయలేదు. ఒకరికి సాయపడలేదు, అంతియే. సాయము పొందని యా వ్యక్తి మరణించెను. అప్పుడు బ్రదికియున్నవాని మనస్సున బుట్టు వేదనకు హేతు వేమి? అది యే రూపమున బయల్పడును? దాని కవసాన మెక్కడ?

ఈ ప్రశ్నలనే కథావస్తువుగా గొని బెల్జియము దేశీయులైన దర్శక సోదరులు జాన్-పియెర్ దార్దెన్, లుక్ దార్దెన్ 2016 లో ‘లా ఫీయ్ ఆంకొన్యూ’ యను ఫ్రెంచి చిత్రమును రచించి నిర్మించిరి. ‘అజ్ఞాత యువతి’ యని దాని కర్థము. ఈ సోదరులు అంతకు పూర్వమే ‘రోసెత్తా’ (1999), ‘లాన్‌ఫాన్’ (2005) చిత్రములకు కాన్ ఉత్సవమున ప్రథమ పురస్కారమగు స్వర్ణతాళపత్రమును రెండుమారులు పొందినవారు. ‘అజ్ఞాత యువతి’యు 2016 లో ఆ యుత్సవపు పోటీలో ప్రదర్శింపబడెను. పురస్కారము రాలేదు. విమర్శకులు కొందఱు పెదవి విఱిచిరి. పిమ్మట దర్శకులు సుమారు ఏడు నిమిషముల భాగమును తగ్గించి విడుదల చేసిరి. ఆ సోదరుల కృతులలో దీనిని తక్కువశ్రేణికి జేర్చుట పరిపాటియైనది. ఆ నిర్ణయము కొంత పునర్విమర్శకు పాత్రమని నా యభిప్రాయము. మన ప్రాచీన కావ్యదృష్టితో జూచినచో ఈ చిత్రమున ఇతరులు గమనింపని యొక బలము గోచరించును. అట్లే యొక లోపమును గోచరించును. ఆ రెండింటిని నిరూపించుట ఈ వ్యాసమున కుద్దేశము.

కథ జరుగు చోటు మ్యూజ్ నదీతీరమున లియేజ్ నగరమును ఆనుకొనియున్న సెరాన్ పట్టణము. 1817 లో జాన్ కాకెరిల్ అచట నెలకొల్పిన ఇనుప కార్ఖానాలతో ఆ యూరు యూరపుఖండమున ప్రసిద్ధి కెక్కినది. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున ఉక్కు పరిశ్రమ క్షీణింపగా పనులు లేని కుటుంబములును, దూరదేశములనుండి బ్రదుకుదెరువునకై వచ్చినవారును ఆ వీధులలో మిగిలిరి. దార్దెన్ సోదరుల చిత్రములలో పెక్కింటికి ఈ యూరే రంగస్థలము. 1933 లో నౌకాశ్రయము నారంభించుకొని, 1971 లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చూచిన విశాఖపట్టణపు పాఠకునకు ఇట్టి యూరు పరాయిది కాదు. రేవు పట్టణము, ఉక్కు పట్టణము అనునవి యపరిచితులతో నిండిన యూళ్లు. గ్రామమున తలుపు తట్టినవాడు ఫలానావారి యబ్బాయి. ఇచట తట్టినవాడు ఎవడో. సీతమ్మధార వంటి నివాసస్థలములలో సాయంకాలము వైద్యుని గది యెదుట వరుసగా గూర్చుండు రోగులను, వేళ మించిన పిదప తలుపు మూసివేయుటను ఎఱిగినవారికి ఈ చిత్రపు ప్రథమ దృశ్యము వివరింప నవసరము లేదు.

ఇతివృత్తమును సంగ్రహముగా జెప్పెదను. జెనీ దావెన్ యను యువవైద్యురాలు ఒక వృద్ధవైద్యునకు మాఱుగా ఆయన చిన్న వైద్యశాలను నడుపుచుండును. త్వరలో నామె యంతకంటె గొప్ప వైద్యకేంద్రమున కుద్యోగమునకై పోనున్నది. ఆమెకడ జూలియెన్ యను విద్యార్థి శిక్షణ పొందుచుండును. ఒక బాలునకు మూర్ఛ వచ్చినపుడు జూలియెన్ చేష్ట లుడిగి నిలిచిపోవును. జెనీ యతనిని మందలించును. మూయవలసిన వేళ దాటి గంటసేపైన పిదప వాకిటి గంట మ్రోగును. అతడు తెఱవబోవగా నామె వలదనును. మఱునాడు రక్షకభటులు వచ్చి, ఎదుటి నదీతీరమున నొక నల్లజాతి యువతి శవము దొరకినదని చెప్పుదురు. వాకిటి దృశ్యయంత్రమున నా యువతి గంట నొక్కుచు భీతయై నిలిచిన రూపము కనబడును. ఆమె పే రెవ్వరికిని తెలియదు. జెనీ గొప్ప యుద్యోగమును వదలుకొని, ఆ చిన్న వైద్యశాలనే స్వీకరించి, అచటనే పరుండుచు, తన చేతి ఫోనునందలి ఛాయాచిత్రమును రోగులకు జూపి ‘ఈమె నెఱుగుదురా?’ యని యడుగుచు దిరుగును. చిత్రమంతయు నీ యన్వేషణమే.

ఇచట ప్రథమముగా గమనింపవలసినది అపరాధము జరుగు తీరు. ఆ యపరాధమునకు సాధనము ఒక ధ్వని. చీకటిలో కనబడని వ్యక్తి చేసిన చిన్న సవ్వడి. ఈ సందర్భము మన పాఠకునకు వెంటనే యయోధ్యాకాండను స్ఫురింపజేయవలెను. వర్షాకాలపు రాత్రి, సరయూతీరమున, యువకుడైన దశరథుడు కుండ నిండు సవ్వడి విని యేనుగనుకొని శబ్దవేధిని ప్రయోగించెను. మునికుమారుడు గూలెను. రెండు కథలలోను ఒక నదీతీరము, ఒక రాత్రి, చూడక విన్న సవ్వడి, ఒక నిరపరాధి మృతి కలవు. భేద మొక్కటియే. దశరథుడు ధ్వని విని చేయి కదల్చెను. జెనీ ధ్వని విని చేయి కదల్పలేదు. ఒకచోట కరణము, ఒకచోట అకరణము. కాని యిరువురి తప్పునకును మూలము సమానము: శబ్దము వెనుక మనుష్యు డుండవచ్చునను తలపు లేకుండుట. శబ్దవేధివిద్యయందలి గర్వము దశరథుని కన్ను గప్పెను. జెనీ కన్ను గప్పిన దేమి?

ఈ ప్రశ్నకు చిత్రము చెప్పు సమాధానము దాని యుత్తమాంశము. అలసట యనియో, నియమమనియో ఆమె చెప్పుకొనవచ్చును. వైద్యశాలకు వేళ గలదు, వేళ దాటినది. లోకము దాని నంగీకరించును. కాని జెనీ జూలియెన్‌ను వెదకికొని పోయి సత్యము చెప్పును: తలుపు తెఱవవలెనని తనకును దోచినదనియు, అంతకు ముందు మందలించిన శిష్యుని ముందు తన మాటయే నెగ్గవలెనను పంతమున వలదంటిననియు నామె యొప్పుకొనును. దీనితో ‘అభావమునుండి భావ మెట్లు పుట్టును’ అను నాక్షేపమునకు కావ్యమార్గమున నొక సమాధానము లభించుచున్నది. తలుపు తెఱవకుండుట శూన్యము గాదు. ఆ యకరణము వెనుక అహంకారమను భావపదార్థ మొకటి కలదు. దోషము పుట్టినది దానినుండి. శ్రేష్ఠులైన రచయితలు అకరణమును వర్ణించునపుడు దాని లోపల దాగిన క్రియను వెలికి దీయుదురు. దార్దెన్ సోదరు లా పనిని ఒక చిన్న సంభాషణలో, కన్నీరు లేక, సంగీతము లేక నెఱవేర్చిరి.

రెండవ సామ్యము ఒప్పుకోలునకు సంబంధించినది. దశరథుడు నీటికుండ దీసికొని యంధులైన తల్లిదండ్రుల కడకు దానే పోయి చేసిన పని చెప్పెను. నీవై చెప్పియుండనిచో నీ తల వేయి వ్రక్కలై యుండునని యా వృద్ధుడు పలికెను. అనగా ఒప్పుకోలు శిక్షను తొలగింపలేదు. చెప్పినవానిని నాశమునుండి మాత్రము కాపాడెను. పుత్రశోకమను ఫలము మిగిలియే యున్నది. ‘అజ్ఞాత యువతి’ యందును ఇదియే ధర్మము. జెనీ యన్వేషణమున నెదురైనవా రొక్కొక్కరుగ చెప్పవలసిన మాటను గొంతులో నిలుపుకొన్నవారు. బ్రయన్ యను బాలుడు ఛాయాచిత్రము చూచి యెఱుగననును. అతని నాడిపై వ్రేళ్లుంచిన వైద్యురాలికి ఆ నాడివేగమే యసత్యమును దెలుపును. నాడీపరీక్షను సత్యశోధనగా మార్చిన యీ కల్పన మనోహరము. చివర నా బాలుని తండ్రి వచ్చి, తానా యువతిని కామించి వెంబడించితిననియు, ఆమె పాఱిపోవుచు పడిపోగా సాయపడక విడిచిపోతిననియు చెప్పును. ప్రాణము దీసికొనబోయి విఫలుడగును. అతడును దెబ్బ కొట్టలేదు, సాయపడలేదు. జెనీ దోషమునకును అతని దోషమునకును నడుమ తారతమ్య మెంతయో కలదు. అతడు ఆపదను కల్పించినవాడు. ఆమె ఆపదలో నున్నవారికి తలుపు తెఱవనిది. కాని యీ రెండును ఒకే గొలుసునందలి లంకెలని చిత్రము చూపుచున్నది.

ఇచట న్యాయశాస్త్రపు మాట యొకటి చెప్పవలయును. బెల్జియము దండనస్మృతిలో 1961 నుండి, గొప్ప ప్రమాదమున నున్న వ్యక్తికి తనకు ముప్పు లేకుండ సాయపడగలిగియు సాయపడకుండుట నేరముగా నెన్నబడుచున్నది. కాని లోపలనున్న జెనీకి ఆ ప్రమాదము తెలియదు. కనుక చట్టము దృష్టిలో నామె నిర్దోషి. రక్షకభటు డామెను నిందింపడు. శిక్షించువా డెవ్వడును లేనిచోట మిగులునది స్వయముగా విధించుకొన్న ప్రాయశ్చిత్తము. మన దేశమున అపరిచితునకు సాయపడుటను సామాన్యవిధిగా జేసిన చట్టము లేదు. సాయపడినవానిని వేధింపులనుండి కాపాడు నియమములు మాత్రము వచ్చినవి. రోడ్డు ప్రమాదములలో సాయపడువారి రక్షణకై చేసిన మార్గదర్శకములను సర్వోన్నత న్యాయస్థానము 2016 లో ఆమోదించెను. 2019 లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో ఆ రక్షణ చేర్పబడెను. ఒకచోట చట్టము సాయమును శాసించును. ఒకచోట సాయపడువాని భయమును తీర్చును. రెండుచోట్లను తలుపు తెఱచుట మనుష్యుని హృదయమునకే మిగిలినది.

అకరణ దోషమును ప్రధానముగా గొన్న ఆధునిక కృతులలో ఆల్బేర్ కామూ రచించిన ‘లా షూత్’ (1956) ప్రసిద్ధము. క్లామెన్స్ యను పారిస్ న్యాయవాది యొకరాత్రి వంతెన దాటుచుండగా సేన్ నదిలో నొక స్త్రీ పడిన చప్పుడును, ఆర్తధ్వనియు విని కదలక నిలిచి, ఎవరికిని జెప్పక పోవును. ఇచటను నది, రాత్రి, ధ్వని. తరువాత నతడు ఆమ్‌స్టర్‌డామ్ నగరపు మధుశాలలో గూర్చుండి, కనబడినవానికెల్ల తన దోషమును వివరించుచు, వినువానిని గూడ దోషిగా జేయును. అతని పశ్చాత్తాపము వాక్కుగా మారినది; ఆ వాక్కు అతని కొక యాధిపత్యమైనది. జెనీ మార్గము దీనికి విరుద్ధము. ఆమె తన్ను గూర్చి మాటలాడుట యల్పము. ఆమె యడుగునది యొకే ప్రశ్న: ఆ యువతి పే రేమి? క్లామెన్స్ ఆ స్త్రీ పేరును గూర్చి విచారింపనే లేదు. తన దోషముపై దృష్టి నిలిపినవాడు మృతుని మఱచును. మృతునిపై దృష్టి నిలిపినవాడు తన దోషమును గూర్చి మాటలాడుటకు తీరిక యెఱుగడు. ఈ చిత్రమున కీ వివేకము కలదు.

ఆ పేరు విషయమున మఱల వాల్మీకిని దలపవలసియున్నది. రామాయణపు ప్రసిద్ధపాఠమున నా మునికుమారునకు పేరు లేదు. శ్రవణుడను పేరు పిమ్మటి సంప్రదాయమున స్థిరపడినది. జనులు తమకు ప్రియమైన మృతుని పేరు లేక యుండనీయరని దీనివలన దెలియుచున్నది. జెనీయు పేరు లేని సమాధిని సహింపజాలదు. రక్షకభటులకు దొరకిన మొదటి పేరు నకిలీ పత్రములోనిదని తేలును. చివరకు మృతురాలి సోదరియే వచ్చి, ఆమె ఫెలిసీ కూంబా యని చెప్పును. తాను భయముచేతను, అసూయచేతను ఇంతకాలము మాటలాడలేదని యేడ్చును. జెనీ యామెను కౌగిలించుకొనును. పిదప యథాప్రకారము, నడవలేని వృద్ధురాలికి చేయూతయిచ్చి లోనికి గొనిపోవును. అంతటితో చిత్రము ముగియును.

ఇక రసవిచారము. ఈ చిత్రమును కరుణరసప్రధానమని సామాన్యముగా జెప్పుదురు. ఆ మాట చాలదు. శోకమునకు భరతుడు చెప్పిన విభావములలో మొదటిది ఇష్టజన వియోగము. ఇచట మృతురాలు నాయికకు ఇష్టజనము గాదు. ముఖ పరిచయమైన లేదు. ఆలంబన మపరిచిత యైనపుడు శోకమే స్థాయి యనుట కష్టము. నిర్వేద, గ్లాని, వ్రీడ, చింతాదులైన వ్యభిచారులు పుష్కలముగా గలవు. కాని యవి యెచట జేరి నిలుచును? విశ్వనాథుడు సాహిత్యదర్పణమున వీరమును దాన, ధర్మ, యుద్ధ, దయా భేదములతో చతుర్విధముగా జెప్పెను. దయావీరమునకు హర్షుని ‘నాగానందము’నందలి జీమూతవాహనుడు నిదర్శనము. అతడు పరిచయములేని శంఖచూడునకై తన శరీరమును గరుడునకు సమర్పించెను. జెనీకథను కాలాతిక్రమణము నొందిన దయావీర మనదగును. ఉత్సాహమే స్థాయి. అది మేల్కొనునప్పటికి రక్షింపవలసినవారు లేరు. కనుక నా యుత్సాహము ప్రాణమును వదలి పేరును రక్షింపబూనినది. ఈ విధముగ జూచినచో, వైద్యురాలు అపరాధ పరిశోధకురాలి వలె తిరుగుట యసహజమని విమర్శకులు చేసిన యాక్షేపమునకు బలము తగ్గును. ఆమె నేరస్థుని వెదకుట లేదు. వీరుడు ప్రతిజ్ఞ నెఱవేర్చుకొనునట్లు ఒక యక్షరసముదాయమును, ఒక పేరును వెదకుచున్నది.

అట్లని చిత్రము నిర్దోషమనరాదు. మొదటి లోపము నిర్మాణగతము. ఎవరికెవరు చెప్పుకొనవలసినను అందఱును వైద్యురాలి యెదుటనే నోరు విప్పుదురు. జూలియెన్, బ్రయన్, అతని తండ్రి, మృతురాలి సోదరి యొకరి వెనుక నొకరు వచ్చి యొప్పుకొనుటలో యాంత్రికత కనబడును. రెండవ లోపము గురుతరము. ఫెలిసీ యీ కథయందు గంట మ్రోగించుటకును, మరణించుటకును మాత్రమే పుట్టినట్లున్నది. దూరదేశపు పేదరాలి చావు ఐరోపా వైద్యురాలి ధర్మోన్నతికి మెట్టు కావలెనా? ఆమె కోరిక, ఆమె మాట, ఆమె నవ్వు మనకు దెలియవు. వాల్మీకి ఈ విషయమున నధికుడు. బాణము తగిలిన మునికుమారుడు మాటలాడును. తన నిరపరాధిత్వమును జెప్పును. తల్లిదండ్రుల దాహమును దలచును. తండ్రికడకు బోవు కాలిబాటను గూడ జూపును. మృతునకు వాక్కు నిచ్చిన తరువాతనే ఆదికవి హంతకుని శోకమును వర్ణించెను. దార్దెన్ సోదరులు సోదరిని చివర బ్రవేశపెట్టి యీ ఋణమును కొంత దీర్చిరి, పూర్తిగా దీర్పలేదు.

తెలుగు తెరపై దీనికి సరియగు ప్రతిపక్షము మృణాల్ సేన్ 1977 లో ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ నాధారముగా జేసి తీసిన ‘ఒక ఊరి కథ’. అందు ప్రసవవేదన పడు కోడలికి మామగాని, భర్తగాని సాయపడరు. ఆమె మరణించును. జెనీ యపరిచితకై దుఃఖించును. వెంకయ్య సొంతయింటి కోడలికైన తలవంచడు. అతని పేదఱికమును, శ్రమపై నతని తిరస్కారమును సృజించిన సమాజమే యా దోషమునకు కర్త యని దర్శకుని సూచన. పాత్రయందు పశ్చాత్తాపము లేనపుడు అది ప్రేక్షకునకు సంక్రమించును. జెనీ పశ్చాత్తాపమును జూచి ప్రేక్షకుడు తృప్తుడై యింటికి బోవచ్చును. ‘ఒక ఊరి కథ’ చూచినవాని కా తృప్తి లేదు. పశ్చాత్తాపమును పాత్రయందు నిలుపుట, ప్రేక్షకునియందు నిలుపుట అను నీ రెండు పద్ధతుల తారతమ్యము ప్రత్యేక పరిశోధనకు దగిన విషయము.

ఇది కేవలము శాస్త్రచర్చ గాదు. 2017 అక్టోబరులో విశాఖపట్టణపు రైల్వే న్యూకాలనీ ప్రాంతమున, పట్టపగలు, కాలిబాటపై నొక నిస్సహాయురాలిపై అత్యాచారము జరిగినది. దారిన బోవువారు చూచుచు బోయిరి. ఒక ఆటోడ్రైవరు దానిని ఫోనున చిత్రించెను. పత్రిక లా యుదాసీనతను గూర్చి వ్రాసినవి. కొలదిదినములలో నా చర్చ చల్లారినది. జెనీ వినినది గంటచప్పుడు మాత్రమే. ఇచటివారు కన్నులార జూచిరి. చూచి పోయినవారి యిండ్లలో నా రాత్రి యేమి జరిగెను? ఎవడు నిద్రపోయెను, ఎవడు నిద్రపోలేదు? చట్టమునకు ఆ ప్రశ్నతో బని లేదు. పత్రికకు దానికి చోటు లేదు. దానిని వ్రాయవలసినది కథకుడు, నాటకకర్త, చిత్రకారుడు.

మన కథాసాహిత్యమున క్రూరులను జిత్రించిన రచనలు మెండు. బాధితులను జిత్రించినవియు మెండు. ఇరువురి నడుమ దారిన బోవువా డొక డున్నాడు. అతడు సామాన్యముగా రచనయందు పాత్ర గాడు. జనసమూహమున నొక తల. పరిశోధక విద్యార్థులు తెలుగు కథలలో నవలలలో ఈ మూడవవానిని వెదకి, అతని యకరణమునకు రచయితలు చూపిన హేతువులను వర్గీకరించినచో, అలంకారశాస్త్రమునకును సమాజచరిత్రకును గూడ నుపకార మగును. భయము, పంతము, అలసట, కులభేదము, పరాయితనము అను హేతువులలో నెవ్వి యెక్కువగా గానవచ్చునో నిర్ణయింపవలయును. సాయపడనివానికి పశ్చాత్తాపము గలిగినపుడు అది వాక్కుగా మారెనా, క్రియగా మారెనా, మౌనముగా మిగిలెనా యనునది రెండవ విచారము.

‘అజ్ఞాత యువతి’ మహాకావ్యము గాకపోవచ్చును. అయినను, మూసిన తలుపునకు లోపలివైపున నిలిచినవాని స్థితిని ముఖ్యవస్తువుగా జేసిన కృతి యగుటచే అది యధ్యయనమునకు పాత్రము. పశ్చాత్తాపము తన్ను దాను దండించుకొనుటతో ముగియరాదనియు, పోయినవారి పేరును నిలుపుటతోను, వచ్చినవారికి తలుపు తెఱచుటతోను సార్థకము కావలెననియు నా కృతి నిరూపించినది. దశరథుడు తన దోషమును మరణశయ్యపై నుండి కౌసల్యకు జెప్పికొని యా రాత్రియే ప్రాణము విడిచెను. జెనీకి బ్రదుకు మిగిలినది. మఱునాడుదయము మఱల వాకిట రోగు లుందురు.